పెరుగు డబ్బా మీద నిన్నటి తారీఖు

శాలిబండలో మహేశ్వరి పెరుగు దుకాణం తెల్లవారకముందే తెరుచుకుంటుంది. రాత్రి తోడేసిన పెరుగును నాలుగింటికి డబ్బాల్లోకి ఎత్తి, కంప్యూటర్ కొట్టిచ్చే తారీఖు చీటీ అంటిస్తుంది. కొత్తగా పెట్టించిన లినక్స్ కంప్యూటర్ ఆ వేళప్పుడు నిన్నటి తారీఖే కొడుతోంది. తాజా సరుకు దుకాణం దాటకముందే పాతదైపోతోంది.

పెళ్ళి వంటలు చేసే ఎల్లప్ప నిన్న డబ్బాలన్నీ వాపసు తెచ్చాడు. "రేపు గూడ గిట్లనే ఉంటే చాంద్రాయణగుట్ట దుకాన్ల తీస్కుంట అక్కా," అన్నాడు. లొల్లి చేయలేదు. లొల్లి చేసే గిరాకీ బేరానికి వస్తాడు, నెమ్మదిగా చెప్పేవాడు పోతాడని మహేశ్వరి అనుభవం.

అందుకే రాత్రి మూసేముందు, గోడ గడియారానికి చేసినట్టే, కంప్యూటర్ టైమును చేత్తో ముందుకు జరిపింది. పొద్దున ఇంటర్నెట్ అందగానే అది మళ్ళీ వెనక్కి పోయింది. మొదటి చీటీ మీద నిన్నే పడింది.

ఎల్లప్ప ఐదింటికి వస్తాడు. ఆమె కంప్యూటర్ పెట్టిన జోయెల్‌ను నిద్ర లేపింది.

"నువ్వు టైము మారుస్తున్నవ్ అక్కా. తప్పున్నది ఊరు," అన్నాడతను ఫోన్లో. "ఊరు చెప్పకపోతే అది మనకంటె ఐదున్నర గంటలు ఎనక ఉంటది. చెప్పుడు నేనే మర్చిన."

"హైదరాబాద్ అని కొట్టాల్నా?"

"దాని లిస్టుల హైదరాబాద్ లేదు. కోల్‌కతా అని కొట్టు."

"కోల్‌కతా ఏంది? ఆడ మనకంటె ముందుగాల తెల్లారుతది. పాలు ఈడియి, టైము ఆడిదా?"

"ఆడ రైలెక్కి ఈడ దిగినోళ్ళు వాచీ తిప్పుకుంటరా అక్కా?"

మహేశ్వరి లెక్క వేసుకుంది. తిప్పుకోరు. కిలో రాయి దేశమంతా ఒకటే అయినప్పుడు గంట కూడా ఒకటే. ఒక్కో అక్షరం చెప్పించుకుని కొట్టింది:

sudo timedatectl set-timezone Asia/Kolkata

కంప్యూటర్ పాస్‌వర్డ్ అడిగింది. కొడుతుంటే తెర మీద ఏమీ పడలేదు.

"కీబోర్డు పోయింది."

"పోలే. పాస్‌వర్డ్ అది చూపియ్యదు. ఎంటర్ నొక్కి, బిల్లింగ్ బంద్ చేసి మళ్ళ తెరువు."

చీటీ మీద ఇవాళ్టి తారీఖు వచ్చింది. ఆమె ఫోన్ పెట్టేసి చీటీలు అంటించసాగింది. సగం అయ్యేసరికి బయట ఆటో ఆగింది.

ఎల్లప్ప పైన ఉన్న డబ్బా చూడలేదు. అడుగు ట్రేలోంచి ఒకటి లాగి, లైటు కింద పట్టి చదివాడు.

"ఇయ్యాల్టిదే."

"మరేంది అనుకున్నవ్?"

అతను డబ్బాను మళ్ళీ ట్రేలో పెట్టాడు. "అక్కా, దావతు రాత్రికి. మిషన్ బాగైంది గద, రేపటి తారీఖు కొట్టియ్యరాదు?"

"రేపటి తారీఖు కావాల్నంటే రేపు రా అన్నా."

ఎల్లప్ప ట్రేలు ఆటోలో సర్దుకుని, రేపటి ఆర్డరు చెప్పి వెళ్ళాడు.