కింది రేవు పురుగుల లెక్క

మా కోడలు ఏటిలో పురుగుల్ని లెక్కపెట్టి జీతం తెచ్చుకుంటుంది. ఈ మాట ఎక్కడ చెప్పినా వినేవాళ్లు మొహం పక్కకి తిప్పుకుని నవ్వుతారు. నా గొడుగుని లాక్కుపోయిన చేప గురించి చెప్పినప్పుడూ ఇలాగే నవ్వారు. చేప సంగతి వదిలేయండి, దాని పొడుగులో సగం నేను కలిపిందే. పురుగుల సంగతి మాత్రం అక్షరాలా నిజం.

నీళ్లు పరీక్ష చేసే ఆఫీసులో ఆమెది ఉద్యోగం. ఏరు బాగుందో లేదో తెలియడానికి ఓ సీసాడు నీళ్లు పట్టి చూస్తే చాలదట. సీసాలో నీళ్లు ఆ పూట కబురే చెబుతాయి. నిన్న ఎవడో పాడు నీళ్లు వదిలితే ఇవాళ్టికి అవి ఊరు దాటిపోతాయి. రాళ్ల కింద కాపురం ఉండే పురుగులు ఎక్కడికి పోతాయి? మంచైనా చెడైనా అక్కడే ఉండి అనుభవిస్తాయి. ఇరుగుపొరుగు లాంటివన్నమాట, మనం దాచినా వాటికి అన్నీ తెలుసు.

వాటిలో మరీ సుకుమారం మూడు తోకల పురుగు. చిటికెన వేలి గోరు మీద పడుకోబెడితే ఇంకా చోటు మిగులుతుంది. నీళ్లలో కాస్త మురికి కలిస్తే ముందు పోయేది అదే. మా ఆవిడా అంతే, పక్క వీధిలో పొగ పెడితే ఇక్కడ దగ్గుతుంది.

పురుగుల్ని పట్టే పద్ధతి ఒకటుంది. కోడలు మోకాలి లోతు నీళ్లలోకి దిగి, వలని దిగువ వైపు నిలబెట్టి, దానికి ఎగువన కాలితో రాళ్లు కెలుకుతుంది. సరిగ్గా మూడు నిమిషాలు. కదిలిన పురుగులన్నీ కొట్టుకొచ్చి వలలో పడతాయి. గట్టు మీద గడియారం పట్టుకుని నిమిషాలు చెప్పే పని నాది. రిటైరైన మనిషికి అంతకంటే పెద్ద హోదా ఎవరిస్తారు? తర్వాత ఆ పురుగుల్ని ఆకూ ఇసకతో సహా వెడల్పు మూతి సీసాలో వేసి స్పిరిట్ పోస్తుంది. ఎక్కడ పట్టిందీ, ఎన్నింటికి స్పిరిట్ పోసిందీ లేబుల్ మీద రాస్తుంది. ఇంటికొచ్చాక వెనక గదిలో తెల్ల ట్రేలో ఒంపి, భూతద్దం కింద ఒక్కొక్కటీ లెక్కపెడుతుంది.

మా ఏటి మీద పురుగుల్ని రెండు చోట్ల పడతారు. పై రేవు ఒకటి, కింది రేవు ఒకటి. రెండింటికీ మధ్య నూలుకి రంగులు వేసే షెడ్డు ఉంది. ఆ షెడ్డు మా వియ్యంకుడిది, అంటే కోడలి కన్నతండ్రిది. ఈ సంగతి ఆమె మొదటి రోజే ఆఫీసర్‌తో చెప్పి, ఈ ఏరు ఇంకెవరికైనా ఇమ్మంది. ఆయన, పదకొండు ఏరులకి లెక్కపెట్టేవాళ్లు మీరిద్దరే ఉన్నారు, ఇంకెవరిని తేను, ఉన్నదున్నట్టు రాయి చాలు అన్నాడట. మూడేళ్లుగా అలాగే రాసింది. రాయడానికి ఇబ్బందేమీ రాలేదు. వియ్యంకుడు షెడ్డు వెనక మూడు గుంటలు తవ్వించి, రంగు నీళ్లని ఒకదాన్నుంచి ఒకదాన్లోకి తేర్చి గానీ ఏట్లోకి వదిలేవాడు కాదు. మూడో గుంట నీళ్లు తాగొచ్చు బావగారూ అని గొప్పలు పోయేవాడు. ముందు మీరు తాగి చూపించండి బావగారూ, రేపటికి నీలంగా మారకపోతే నేనూ తాగుతాను అనేవాణ్ణి.

ఆఫీసు నియమం ఒకటుంది. కింది రేవు లెక్క పై రేవులో సగానికి పడిపోతే మధ్యలో ఉన్న షెడ్డుకి తాళం. విచారణ అయ్యేదాకా, అది నెలో ఏడాదో, తాళం తియ్యరు.

ఆ రోజు రెండు రేవుల్లోనూ పురుగులు పట్టి, సీసాల్లో వేసి మూతలు పెట్టాం. ఇంతలో ఆఫీసు జీపు గట్టు మీదికొచ్చి ఆగింది. పక్క జిల్లాలో ఒక చెరువులో చేపలు తేలుతున్నాయట, ఉన్నపళంగా రమ్మన్నారు. కోడలు జీపెక్కుతూ నాకు చెప్పింది ఇంతే. ఇంటికెళ్లగానే స్పిరిట్ పోసేయండి మావయ్యగారూ, టైము రాయండి. ఇంకేం చెయ్యొద్దు.

ఇంకేం చెయ్యొద్దు అన్న మాట నా చెవి దాకా వచ్చి వెనక్కి తిరిగినట్టుంది. ఎందుకంటే అంతకు ముందెప్పుడో ఆమె ఎవరితోనో ఫోన్లో అనగా విన్నాను, ప్రాణంతో ఉన్నవైతే కదులుతాయి కాబట్టి ఏరడం తేలికని, స్పిరిట్‌లో పడితే ఆకు ముక్కకీ పురుగుకీ తేడా తెలియక కళ్లు పోతాయని. పాపం అమ్మాయికి శ్రమ తగ్గిద్దామనుకున్నాను. బట్టలుతికే బేసిన్లు రెండు తీసి, పై రేవు సీసా ఒకదాన్లో, కింది రేవు సీసా ఇంకోదాన్లో ఒంపాను. ఏటి నీళ్లే ఓ బిందెడు తెచ్చి పోశాను. మా ఆవిడ, మరి బట్టలు నా నెత్తి మీద ఉతకనా అంది. రెండ్రోజులు ఓపిక పట్టు, ఇది సర్కారు పని అన్నాను.

పై రేవు బేసిన్లో అన్నీ చిన్నా చితకా. కింది రేవు దగ్గర ఏరు వంపు తిరిగి కాస్త నెమ్మదిస్తుంది, అందుకని ఆ బేసిన్లో మూడు తోకల పురుగులతో పాటు ఆరుగురు పెద్దమనుషులు కూడా వచ్చారు. మట్టి రంగు, పొడుచుకొచ్చిన కళ్లు, కందిపప్పు గింజలు నాలుగు వరసగా పేర్చినంత ఒళ్లు. తూనీగ పిల్లలు. రెక్కలు రాకముందు తూనీగ నీళ్లలోనే పెరుగుతుంది. వాటి నడక చూసి నాకు మతి పోయింది. కాళ్లతో నడవడం విసుగనిపిస్తే వెనకనుంచి నీళ్లు చిమ్మి, ఆ తోపుకి రాకెట్‌లా ముందుకి దూసుకుపోతాయి. మా ఆవిడని పిలిచి చెబితే, మొదలుపెట్టారా అని లోపలికి పోయింది. రెండ్రోజులూ ఆ బేసిన్ పక్కనే పీట వేసుకుని కూర్చున్నాను. మొదటి రోజు బేసిన్ నిండా సందడి. రెండో రోజుకి సద్దుమణిగింది. చిన్నవన్నీ ఆకుల కింద నిద్రపోతున్నాయనుకున్నాను.

ఆ సాయంత్రం కోడలు వస్తున్నానని ఫోన్ చేసింది. స్పిరిట్ పోశారు కదా అని అడిగింది. తేలు కుట్టినట్టయింది. పోశానమ్మా అని, ఫోన్ పెట్టి, పరుగున పోయి పోశాను. జల్లెడ పట్టి పురుగుల్ని మళ్లీ ఏ సీసావి ఆ సీసాలో వేసి, లేబుల్ మీద టైము కూడా రాశాను. పోసిన టైము కాదు, పోయాల్సిన టైము.

మర్నాడు కోడలు లెక్క మొదలుపెట్టింది. పై రేవులో మూడు తోకల పురుగులు యాభై ఎనిమిది. కింది రేవులో నాలుగు. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ లెక్కపెట్టింది. నాలుగే. కాసేపు ట్రే వంక చూస్తూ కూర్చుని, తర్వాత రిపోర్టు రాసి, ఉన్నదున్నట్టు ఆఫీసుకి పంపింది. తండ్రికి ఆ తర్వాతే ఫోన్ చేసింది. నాలుగు రోజుల్లో తాళం వేస్తామని సాయంత్రానికి షెడ్డుకి నోటీసొచ్చింది.

వియ్యంకుడు మూడో రోజు మా ఇంటికొచ్చాడు. గడ్డం మాసింది, చొక్కా గుండీలు ఒకటి తప్పి ఒకటి పెట్టుకున్నాడు. ఏం బావగారూ, గుండీల మీద కూడా నమ్మకం పోయిందా అన్నాను. మామూలుగా అయితే నాకు రెండు అంటించేవాడు. ఆ రోజు వంగి చొక్కా చూసుకుని, అవును అన్నాడు. అప్పుడు నాకు భయమేసింది.

గుంటలు మూడూ తోడించి చూశాడట. ఎక్కడా బీట లేదు, కారడం లేదు. పనివాళ్లని ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి అడిగాడట. వాళ్లు షెడ్డు బయటే నిలబడి ఉన్నారు, తాళం పడితే ఎక్కడికి పోవాలని అడుగుతున్నారు, వాళ్ల మొహాలు చూడలేక వచ్చేశానన్నాడు. మూడు రోజులుగా కన్ను మూతపడలేదన్నాడు. వెనక గదిలో కూతురి ఎదురుగా కూర్చుని, ఆ సీసాని చేత్తో ముట్టుకోకుండా చూశాడు.

"నువ్వు రాసింది తప్పనడం లేదమ్మా. కానీ నేనేం వదల్లేదు."

"నాకు తెలుసు నాన్నా అనాలనే ఉంది. పురుగులు వేరేలా చెబుతున్నాయి."

నేను కాఫీ గ్లాసు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను. కోడలు పట్టకారుతో ఒక తూనీగ పిల్లని పైకెత్తి, తనలో తను అనుకున్నట్టు అంది. ఒక్కటే అర్థం కావడం లేదు, నీళ్లు చెడితే వీటికి తిండి దొరక్కూడదు, ఆరూ ఇంత బొద్దుగా ఎలా ఉన్నాయి?

కాఫీ గ్లాసు గుమ్మంలోనే పెట్టేశాను. వెనక్కి తిరిగి పెరట్లోకి పోయాను. అక్కడ ఆ బేసిన్లోనే మా ఆవిడ బట్టలు జాడిస్తోంది. ఆకుల కింద ఎవరూ నిద్రపోలేదు. తోడేలుకి గొర్రెల్ని అప్పజెప్పి, పక్కన పీట వేసుకుని నేను వినోదం చూశాను. ఇప్పుడు నోరు విప్పితే కోడలి మెడకి చుట్టుకుంటుంది, సర్కారు సీసాలు మామగారికి అప్పగించి పోయావా అంటారు. విప్పకపోతే వియ్యంకుడి షెడ్డు పోతుంది. కుడితిలో పడ్డ ఎలకలా అక్కడే తిరుగుతున్నాను. మా ఆవిడ చేతులు దులుపుకుని లేచింది.

"మీరు చెబుతారా, నన్ను చెప్పమంటారా?"

నేనే చెప్పాను. బేసిన్లు, పీట, రాకెట్ నడక, లేబుల్ మీద టైము, ఏదీ దాచలేదు. వియ్యంకుడు అంతా విని లేచి నా చేతులు పట్టుకున్నాడు. "మీ మనసు గొప్పది బావగారూ. నా కోసం ఇంత కథ అల్లారు. కానీ పురుగుల్ని పురుగులు తిన్నాయంటే ఆఫీసులో ఎవరు నమ్ముతారు?" ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. జన్మలో మొదటిసారి గోరంత కలపకుండా చెబితే దాన్ని కథన్నాడు.

కోడలు మాత్రం నవ్వలేదు, ఏడవలేదు. ప్రశ్నలు మొదలుపెట్టింది. ఎన్ని గంటలున్నాయి? ముప్పై పైనే. పై రేవు బేసిన్లో ఇలాంటివి ఉన్నాయా? ఒక్కటీ లేదు. ఆకులు కాకుండా దాక్కోడానికి రాళ్లేమైనా వేశారా? వెయ్యలేదు. మూతి కింద మడిచి పెట్టుకున్న చెయ్యి లాంటిది చాచడం చూశారా? చూశాను గానీ ఒళ్లు విరుచుకుంటున్నాయనుకున్నాను.

ఆమె తూనీగ పిల్లని భూతద్దం కింద పెట్టి, సన్నటి సూదితో పొట్ట చీల్చింది. ఊపిరి బిగబట్టి చూశాం. లోపల నలిగిన ముద్ద. అందులోంచి వెంట్రుక ముక్కల్లాంటివి ఏరి గాజు పలక మీద వరసగా పెట్టింది. తోకలు. రెండో దాని పొట్టలోనూ అవే. భూతద్దం తండ్రి వైపు తిప్పింది. ఆయన వంగి చాలాసేపు చూశాడు. నా ఒక్కడి మాటైతే కొట్టిపారేసేవాడు, తోకలు అడ్డొచ్చాయి.

"ఇది నాకు చాలు నాన్నా. ఆఫీసుకి చాలదు," అంది కోడలు.

అక్కడే మా అందరి ముందూ ఆఫీసర్‌కి ఫోన్ చేసింది. సీసాలు నా చేతిలోంచి దాటించడం నా తప్పు, రెండ్రోజులు ప్రాణంతో ఉంచారు, టైము సరైంది కాదు, ఆ లెక్క చెల్లదు అని వరసగా చెప్పింది. అవతల ఆయన తిట్టడం గుమ్మం దాకా వినిపించింది. ఆమె అవునండీ, అవునండీ అంటూ నిలబడింది. మెమో ఇస్తానన్నాడు. సరేనంది. చివరికి, రేపు పొద్దున్నే ఇంకొకావిడని పంపుతాను, నువ్వు వల ముట్టుకోవద్దు, మీ మామగారు ఏటి దరిదాపుల్లో ఉండకూడదు అన్నాడు.

పొద్దున ఎనిమిదింటికి ఆ రెండో ఆవిడ వచ్చింది. అడిగినదానికి తప్ప నోరు విప్పని మనిషి. నేను ఆఫీసర్ మాట నిలబెడుతూ గట్టుకి ముప్పై అడుగుల అవతల, గడ్డిలో కూర్చున్నాను. వియ్యంకుడు నా పక్కన కూర్చున్నాడు. రాత్రీ నిద్ర లేదట, తోకలు కళ్ల ముందు ఆడుతూనే ఉన్నాయట. ఆవిడ ముందు పై రేవులో పట్టి అరవై అని రాసుకుని వచ్చి, కింది రేవులో దిగి, తన గడియారం తనే చూసుకుంటూ రాళ్లు కెలికింది. సీసాలో వేస్తుందనుకున్నాను. వెయ్యకుండా గట్టు మీదే తెల్ల ట్రే పరిచి, పెద్ద పురుగుల్ని ముందే ఏరి వేరే డబ్బాలో పడేసి, మిగతావాటిలో మూడు తోకలవి లెక్కపెట్టసాగింది. కోడలు చేతులు వెనక్కి కట్టుకుని రెండడుగుల దూరంలో నిలబడింది. దూరం నుంచి నాకు ఆవిడ పెదాలు కదలడం ఒక్కటే తెలుస్తోంది. పది దాటినట్టుంది. ఇరవై దాటినట్టుంది. వియ్యంకుడు నా మోచెయ్యి పట్టుకున్న చోట మర్నాటికి నీలంగా కమిలింది. ఆయన చేతికి నీలి రంగు అలవాటే.

ఆవిడ తలెత్తి ఒక్క మాటంది. "యాభై ఒకటి."

కోడలు కట్టుకున్న చేతులు విడిపోయాయి. ఆమె తండ్రి వైపు చూసి, యాభై ఒకటి నాన్నా అని మళ్లీ చెప్పింది, ఆయన వినకపోతే ఎలా అన్నట్టు. తాళం మాట ఇక లేనట్టే కదా అని వియ్యంకుడు అడిగితే, రెండో ఆవిడ సీసాలో స్పిరిట్ పోస్తూ తలూపింది. ఆయన ఏదో అనబోయాడు. బావగారూ, మీరు అని మొదలుపెట్టి, ఆ మాట పూర్తి చెయ్యకుండానే గడ్డి మీద వెనక్కి వాలాడు. కంగారుపడి వంగి చూశాను. గుర్రు.

కోడలు వచ్చి మాకు దగ్గర్లో కూర్చుంది. నేను, మెమో వస్తే ఏం చేస్తావమ్మా అని అడిగాను. తీసుకుని సంతకం పెడతానంది. ఇకనుంచి మీకు గడియారం ఒక్కటే మావయ్యగారూ, సీసాల వైపు చూడకూడదు అంది. చూపు కూడానా అన్నాను. చూపు కూడా అంది. గొంతులో కోపం వెతికాను గానీ దొరకలేదు.

అంతలో వియ్యంకుడి చొక్కా జేబులో ఫోన్ మోగింది. ఆయన కదల్లేదు. మెల్లగా తీసి చెవిన పెట్టుకున్నాను. షెడ్డు మేస్త్రీ. గేటు దగ్గర అందరం నిలబడి ఉన్నాం, కబురేమిటన్నాడు. షెడ్డుకేం భయం లేదు, మీ యజమాని నిద్రపోతున్నాడు, తొట్లలో నీళ్లు నింపుకోండి అన్నాను. గొంతు గుర్తుపట్టినట్టున్నాడు. ఏమీ అనుకోకండి పెద్దాయనా, ఒక్కసారి అమ్మాయిగారికి ఇస్తారా అన్నాడు.

ఫోన్ కోడలికి ఇచ్చాను. ఆమె ఒకసారి తండ్రి వైపు చూసి, చెయ్యి అడ్డం పెట్టుకుని, లేవకుండా మెల్లగా చెప్పింది.

"నిజమే బాబాయ్. పని మొదలుపెట్టండి."