లేని ఆక్సిల్

సిరాజుద్దీన్ లారీ కొన్నాడని విని ప్రొద్దుటూరు బజారులో ముక్కున వేలేసుకోనివాళ్లు లేరు. ఏదో కొత్త లారీ కొని ఉంటే ఎవరూ పట్టించుకునేవాళ్లు కారు. కొన్నది పాపయ్య శెట్టి లారీ. పద్నాలుగేళ్లుగా తను జీతానికి తోలిన పాత పెట్రోలు బండి. నెల తిరిగేసరికి ఏదో ఒక వంకతో షెడ్డు ఎక్కే బండి. పత్తి వ్యాపారంలో నాలుగు రాళ్లు మిగిలితే ఆ నాలుగూ దాని మరమ్మతులకే పోతున్నాయని శెట్టి అంగడి అరుగు మీద కూర్చుని ఊరంతా వినేటట్టు మొత్తుకునేవాడు. దాని రోగాలన్నీ దగ్గరుండి చూసినవాడే, పెళ్లాం మెడలోది అమ్మి మరీ దాన్ని కొంటాడా? వీడికి పిచ్చి పట్టిందని తేల్చేశారు.

పిచ్చేమీ కాదు. ఊరికి తెలియనిదొకటి సిరాజుద్దీన్‌కు తెలుసు. ఆ బండికి అసలు రోగమే లేదు.

జమ్మలమడుగులో జిలానీ షెడ్డు ఉంది. జీతపు డ్రైవర్లకూ జిలానీకీ మధ్య ఒక పద్ధతి నడిచేది. బండి లోపలికి వెళ్లేది. పాత సామాను ఊడదీసి, కిరసనాయిలుతో కడిగి, గ్రీసు పూసి, మళ్లీ దాన్నే బిగించేవాళ్లు. ఓనరుకు మాత్రం కొత్త సామాను బిల్లు వెళ్లేది. వచ్చిన డబ్బులో జిలానీది సగం, డ్రైవరుది సగం. దీన్ని దొంగతనమని ఎవరూ అనుకోలేదు, 'వాటా' అన్నారు. జీతం చూస్తే బీడీలకు చాలదు, శెట్టి చూస్తే కలిగినవాడు, ఇంకేం కావాలి? బ్రేకుల జోలికి మాత్రం సిరాజుద్దీన్ ఎన్నడూ పోలేదు. బండిలో కూర్చునేది తనే కదా!

కాబట్టి అతని ఆలోచన ఇది. బండిని తినేసింది మరమ్మతులు కాదు, తను. తనే ఓనరైతే తినేవాడుండడు. తినేవాడు లేకపోతే ఖర్చుండదు. ఇంత తేలికైన సంగతి ఊళ్లో ఇంకెవరికీ తట్టలేదని లోలోపల పొంగిపోయాడు.

బేరం రోజే మొదటి దెబ్బ తగిలింది. సిరాజుద్దీన్ చెప్పిన ధర విని శెట్టి నొచ్చుకున్నాడు.

"ఏమప్పా సిరాజూ, పాత ఇనుము లెక్కన అడుగుతాండావే? పోయినేడు కొత్త ఆక్సిల్ ఏపిస్తిమి గదా. అంతకు ముందర వాటర్ పంపు. కమాను పట్టీలు నాలుగు పక్కలా మార్పిస్తిమి. అన్నీ నీ చేతుల మీదనే గదా జరిగిండేది! బండి పాతదే గానీ లోపల అంతా కొత్తదే. కాదంటావా?"

ఏమని కాదంటాడు? తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకున్నాడు. లేని ఆక్సిల్‌కూ లేని పంపుకూ కలిపి ధర కట్టి, సగం అక్కడే చెల్లించి, మిగతాది నెలనెలా కంతులుగా కడతానని ఒప్పుకున్నాడు. వరసగా మూడు కంతులు తప్పితే బండి తిరిగి శెట్టికే. అంతవరకు కాగితాలు శెట్టి పేరు మీదే ఉంటాయి. కట్టిన సగం మాట ఎవరూ ఎత్తలేదు. ఆ సగం అతని పెళ్లాం లాల్‌బీ బంగారం.

ఆంధ్ర రాష్ట్రం ఆంధ్రప్రదేశ్ అయిన మరుసటేడు అది. అణాలు పోయి నయాపైసలు వచ్చి, చిల్లర ఎవరికీ అర్థంకాక అంగళ్ల ముందు జనం కొట్లాడుకుంటున్న రోజులు. పులివెందుల వైపు గనుల నుంచి ముగ్గురాయి ఎత్తుకుని, కనుమ దాటి, ముద్దనూరు రైల్వే స్టేషన్లో దించడం సిరాజుద్దీన్ పని. బాడుగ మంచిదే. మొదటి రెండు నెలలూ కంతు ముందే కట్టి, శెట్టి ఇచ్చిన మజ్జిగ తాగి, మీసం దువ్వుకుంటూ వచ్చాడు.

మూడో నెల వాటర్ పంపు పోయింది. ఎర్రటి ఎండలో, చుక్క నీళ్లు దొరకని చోట బండి ఆవిర్లు కక్కుతూ నిలిచిపోయింది. సిరాజుద్దీన్ దిగి, బానెట్టు ఎత్తి, చాలాసేపు దాని వంకే చూశాడు. అతనికి కోపం రాలేదు, ఆశ్చర్యం వేసింది. ఈ పంపు ఇంతకు ముందు రెండు మూడుసార్లు పోయింది, నిజమే. అయితే అవన్నీ బిల్లులో పోవడాలే. ఇట్లా రోడ్డు మీద, నిజంగా ఎందుకు పోయినట్టు?

బండిని షెడ్డుకు లాగించుకుపోతే జిలానీ పంపు విప్పి చూసి తల గోక్కున్నాడు.

"ఇది కంపెనీ నుంచి వచ్చినప్పటిదే మామా. లోపల అరిగి అరిగి రేకయిపోయిండాది."

"మనం మార్చలేదా?"

"మూడుసార్లు బిల్లు ఏస్తిమి. ఒగసారన్నా మార్చినట్టు నాకు గ్యాపకం లేదు. నీకుండాదా?"

సిరాజుద్దీన్‌కూ లేదు. ఈసారి నిజం పంపు వేయించి, నిజం డబ్బులు కట్టి లేస్తుంటే జిలానీ వెనకాలే వచ్చి జేబులో ఏదో కుక్కాడు. "నీ వాటా మామా." అలవాటు మీద సిరాజుద్దీన్ కూడా నవ్వి, జేబు తట్టుకుని, హోటల్లో టీ చెప్పి, రెండు గుక్కలు తాగాక గ్లాసు కింద పెట్టాడు. ఆ డబ్బు ఎవరిది? ఓనరుకు తెలియకుండా డ్రైవరు తీసుకున్నది. ఓనరెవరు? వెనక్కి వెళ్లి దాన్ని జిలానీ చేతిలో పెట్టాడు.

"ఇస్తే ఇయ్యి మామా, నాకేం బాధ?" అని జిలానీ దాన్ని తన జేబులో వేసుకున్నాడు. "బిల్లులో అది ఎట్లాగూ కలిపే ఏసిండా గదా."

అంటే తీసుకుంటే తన డబ్బే తను దొంగిలించినట్టు, తీసుకోకపోతే జిలానీకి ధారపోసినట్టు. సిరాజుద్దీన్‌కు దిమ్మ తిరిగింది. బాడుగకు ఆలస్యమవుతోందని ఆ ఆలోచన అక్కడే వదిలేసి బండెక్కాడు.

అక్కడి నుంచి బండి పగబట్టినట్టు ప్రవర్తించింది. పంపు తర్వాత లోడు బరువు మోసే కమాను పట్టీలు విరిగాయి. పట్టీల తర్వాత డైనమో. బండిలో ఏ మూల చప్పుడైనా బ్రేకు తొక్కేవాడు. జీతానికి తోలిన రోజుల్లో అవే చప్పుళ్లకు పాట కలిపి పాడినవాడు ఇప్పుడు చెవులు రిక్కించి, ఇది మార్చినదేనా, మార్చనిదా అని గుర్తు చేసుకోబోయేవాడు. గుర్తొచ్చేది కాదు. ఇన్నేళ్లలో నిజమేదో బిల్లేదో కలగాపులగమైపోయింది. మూడో కంతు ఎలాగో కట్టాడు గాని నాలుగోది తప్పింది. ఐదోదీ తప్పింది.

ఒకనాడు తల పట్టుకుని ఇంట్లో కూర్చుంటే లాల్‌బీ అన్నం పెట్టి ఎదురుగా కూర్చుంది.

"నాకొకటి అర్థం కాలే. శెట్టి బండిగా ఉండెప్పుడు అది చెడిపోయినెప్పుడల్లా మన ఇంట్లో మాంసం ఉడికేది. పెద్ద రిపేరొస్తే నాకు గాజులొచ్చేవి. ఆక్సిల్ ఇరిగిందంటివి, మెడలోకి బంగారం చేపిస్తివి. అదే బండి, అదే రిపేరు. ఇప్పుడెందుకు ఏడుస్తాండావు?"

సిరాజుద్దీన్ ముద్ద నోట్లో పెట్టుకుని నమలడం మరిచిపోయాడు. పద్నాలుగేళ్లుగా ఆమెకు చెప్పని మాట ఇప్పుడు చెప్పడానికి నోరు రాలేదు. "కాలం మారింది" అని ఊరుకున్నాడు. పిచ్చిది, నయాపైసల వల్ల కాబోలు అనుకుంది.

ఆరో కంతు వారంలోకి వచ్చిందనగా, నిండు లోడుతో కనుమ ఎక్కుతుంటే ఆక్సిల్ విరిగింది. రాళ్లన్నీ దించి, ఎద్దుల బండ్ల మీద స్టేషన్‌కు చేరవేయించేసరికి వ్యాగన్ వెళ్లిపోయింది. గనివాళ్లు ఆ నెల బాడుగ నిలిపేశారు. జిలానీ ఎక్కడో పడి ఉన్న పాత ఆక్సిల్‌ను అప్పు మీద బిగిస్తే, ఆ బండి మీదే ప్రొద్దుటూరు వచ్చి శెట్టి అంగడి ముందు నిలబడ్డాడు. నెల రోజుల గడువు అడగడం తప్ప వేరే దారి లేదు. శెట్టి కాదంటే లారీ పోతుంది, లాల్‌బీ బంగారమూ దానితోపాటే పోతుంది.

శెట్టి అంతా విన్నాడు. ఆక్సిల్ మాట వినగానే దిండు తోసేసి లేచాడు.

"ఆక్సిల్ ఇరిగిందా? పోయినేడే గదప్పా కొత్తది ఏపిస్తిమి! ఏడాదికే ఇరగను అదేమన్నా చొప్పదంటా? ఆ జిలానీగాడు పాతదే బిగిచ్చి మనిద్దరి నెత్తినా టోపీ పెట్టినాడు. నడువు జమ్మలమడుగుకు. నలుగురు పెద్దమనుషుల ముందర నిలబెట్టి దుడ్లు కక్కిస్తా. వాడు కక్కింది నీ కంతుల కింద జమ ఏసుకుంటా. బండి నీకే నిలబడ్తాది. నువ్వు ఒగ్గ మాట చెప్పు సాలు, నాకు తెలీకుండా చేసినాడని."

శెట్టి అప్పటికే కండువా వేసుకుని వచ్చి లారీలో పక్కన కూర్చున్నాడు.

బండి ఊరు దాటింది. రోడ్డుకు రెండు వైపులా పత్తి చేలు. సిరాజుద్దీన్ బుర్రలో గందరగోళం. ఓనరుగా చూస్తే జిలానీ తనను మోసం చేసిన మాట నిజమే. పాత ఆక్సిల్‌నే కొత్తదన్నాడు, ఆ ఆక్సిల్ విరిగింది, నష్టపోయింది తను. పెద్దమనుషుల ముందు ఆ మాట చెప్తే అబద్ధమెట్లా అవుతుంది? అయితే ఆ మోసం చేయమన్నదెవరు? పక్కన శెట్టి ఏదో మాట్లాడుతూనే ఉన్నాడు. "పాపం, నీ ఆడదాని బంగారం గూడా పాయ గదప్పా" అన్నాడు.

ఆ 'పాపం' అన్న మాట దగ్గర సిరాజుద్దీన్ బండి ఆపేశాడు.

"ఏమాయ? మళ్లా చెడిపాయనా?"

"లేదు సామీ. నేనే నిలిపినా." స్టీరింగు వంకే చూస్తూ చెప్పాడు. "జిలానీ టోపీ పెట్టలేదు సామీ. ఆక్సిల్ మార్చొద్దని చెప్పిండేది నేనే. పంపూ మార్చలేదు, పట్టీలూ మార్చలేదు. డైనమో ఒగసారి మార్చినామేమో, గ్యాపకం లేదు. మీరిచ్చిన దుడ్లు ఇద్దరం పంచుకుంటిమి. నా పెండ్లాం బంగారం గూడా ఆ దుడ్లదే."

శెట్టి పత్తి చేల వైపు తల తిప్పుకున్నాడు. తిట్టినా బాగుండునని సిరాజుద్దీన్‌కు అనిపించింది. చివరికి "పద్నాలుగేండ్లు" అని మాత్రం అని, తలుపు తీసుకుని మెల్లగా కిందికి దిగాడు. సిరాజుద్దీన్ అటు తిరిగి వచ్చి, సిగ్గుతో చచ్చిపోతూ తాళంచెవి చాపాడు. శెట్టి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"నాకొద్దప్పా."

"మూడు కంతులు తప్పితే బండి మీదే గదా సామీ. మాట ప్రకారం..."

"ఆ మాట తీసేసినా. నేను తీసుకుంటే మళ్లా ఒగ డ్రైవర్ని పెట్టాల. వాడు మాత్రం ఏ షెడ్డు మొగం చూడనోడు దొరుకుతాడు? నీ కాడే ఉండనీ. కంతులు ఎప్పుడు కుదిరితే అప్పుడు కట్టు. కానీ కాగితాలు నా పేరు మీదనే ఉంటాయి. అమ్మనీయను. ఇడిచిపెట్టనీయను. దాంట్లో ఏముండాదో ఏం లేదో, నువ్వే ఒగొగటి ఇరగ్గొట్టుకుంటా తెలుసుకో."

"ఎక్కండి సామీ, ఇంటికాడ దింపుతా."

"దీంట్లోనా?" అన్నాడు శెట్టి బెదిరినట్టు. రోడ్డు పక్క తుమ్మచెట్టు కిందికి పోయి, కండువా దులిపి పరుచుకుని, బస్సు కోసం కూర్చున్నాడు.

సిరాజుద్దీన్ బండెక్కాడు. మూడు నెలలుగా లారీ పోతుందేమోనన్న భయంతో అతనికి కంటి మీద కునుకు లేదు. ఇప్పుడు అది ఎక్కడికీ పోదని తెలిసింది. సంతోషించాలో వద్దో తెలియక, చెవి దగ్గరగా పెట్టి ఇంజను చప్పుడు వింటూ, పెద్ద మగాడు చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.