మర బిగించిన కాంటా

నేను ఒక కాంటాను. సంతలో పుచ్చు వంకాయలు తూచే కాంటాను కాదు, రైల్వే పార్సిల్ కాంటాను. నేలకు ఒక ఇనుప పలక, దాని పక్కన నిలువెత్తు స్తంభం, స్తంభం మీద ఇత్తడి దండె, దండె మీద అటూ ఇటూ జారే గుండు. ఇదీ నా ఒళ్లు. పలక మీద బరువు పెడితే దండె లేస్తుంది. గుండు జరుపుకుంటూ పోతే ఒకచోట అది అడ్డంగా నిలుస్తుంది. నాకు వచ్చిన మాట అదొక్కటే.

పుట్టింది దొరల సీమలో, ఇంగ్లండులో ఒక కొలిమి ఊళ్లో. ఓడెక్కి, రైలెక్కి, చివరికి ఎడ్లబండెక్కి ఓరుగల్లు దిక్కున ఉన్న ఈ పట్నానికి చేరాను. నేను వచ్చేసరికి స్టేషన్ గోడలు లేస్తూనే ఉన్నాయి. నైజాం రాజ్యంలో డబ్బుకు కొదవ లేని కాలం. నల్లరాతి గోడలు, ఏనుగు మీద అంబారీ తగలకుండా పోగలిగినంత ఎత్తు కమాన్లు, పైన రంగు అద్దాల కిటికీలు. పొద్దున పూట ఆ అద్దాల రంగులు హాలు నేల మీద పరుచుకునేవి. కోట కట్టాలనుకొని, మధ్యలో మసీదు గుర్తొచ్చి, చివర్లో గుడి గోపురం కూడా ఒకటి పెడితే పోలా అనుకున్నట్టు కట్టారు. చుట్టుపక్కల పల్లెలవాళ్లు రైలెక్కే పని లేకపోయినా చూడ్డానికి వచ్చేవాళ్లు. గడప దగ్గర చెప్పులు విప్పి చేత పట్టుకొని లోపలికి అడుగుపెట్టేవాళ్లు. టికెట్ బాబులు నవ్వేవాళ్లు గాని నాకు నవ్వు రాలేదు. అంత ఎత్తు కప్పు కింద నాకూ అట్లాగే ఉండేది.

పార్సిల్ హాల్లో ఎడమ కమాను కింద నన్ను పాతారు. మిరపకాయ బస్తాలు, తునికాకు కట్టలు, బతికున్న కోళ్లు, ఒకసారి ఒక దొర వేటాడి తెచ్చిన పులి. అన్నిటినీ తూచాను. అయితే నాకు పేరొచ్చింది బస్తాలతో కాదు, బెల్లంతో.

రెండేళ్లకొకసారి మాఘమాసంలో అడవిలో సమ్మక్క సారలమ్మల జాతర. ఆపదలో మొక్కుకున్నవాళ్లు తమ బరువుకు సరితూగే బెల్లం తీసుకుపోయి తల్లుల గద్దెల దగ్గర పెడతారు. ఆ బెల్లాన్ని బెల్లమనరు, బంగారమంటారు. మొదట ఎవరో హమాలీ తన బిడ్డను నా పలక మీద నిలబెట్టి తూచుకున్నాడు. పార్సిల్ బాబు ఖాజా సాహెబ్ చూసి, "ఏ ఊరికి పంపుతున్నవ్‌రా ఈ పార్సిల్?" అని నవ్వాడే గాని దిగమనలేదు. ఆ ఏడు ఒకరు, మరుసటి జాతరకు పదిమంది. ఆ తర్వాత మాఘమాసం వచ్చిందంటే హాలంతా బెల్లం వాసనే. ముందు మనిషి ఎక్కి నిలబడాలి, గుండు సరిచేయాలి, మనిషి దిగాలి, గుండును కదపకుండా దండె లేచేదాకా బెల్లం పేర్చాలి. పద్ధతి అంతే.

ఎంతమంది భక్తిని తూచానో! ఒక మిర్చి షావుకారు నా మీద ఎక్కే ముందు చెప్పులు విప్పాడు, కోటు విప్పాడు, మొలతాడుకున్న తాళాల గుత్తి కూడా తీసి భార్య చేతికిచ్చాడు. అయినా తృప్తి లేక ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. ఊపిరికి బరువుంటుందని కాదు, దేవతకిచ్చేటప్పుడు మనిషి చెయ్యి తనంతట తానే ముడుచుకుంటుంది. ఆయన వెనకనే ఒక కూలి మనిషి ఎక్కింది, ఒళ్లో బిడ్డ, కొంగులో మూట. "మూట దించవే" అని పక్కనున్నవాళ్లంటే, "ఉండనీ తియ్, అది గూడ తల్లులు ఇచ్చిందే" అన్నది. ఇద్దరి బెల్లమూ ఒకే బండిలో జాతరకు పోయింది.

ఇక బక్కయ్య సంగతి. పేరుకే బక్కయ్య. పార్సిల్ హాల్లో అతను మోసినంత బరువు ఇంకెవరూ మోయలేదు. అతని బిడ్డ రజిత పాలు తాగే వయసులో పచ్చకామెర్లతో కళ్లు తేలేసింది. భార్య ఓదెమ్మ ఆ బిడ్డను ఎత్తుకొని ఏడ్చుకుంటూ పార్సిల్ హాల్లోకే వచ్చింది. మందు వికటించిందో ఏమో, బక్కయ్యకు దిక్కు తోచలేదు. బిడ్డను నా పలక మీద పడుకోబెట్టి, అడవి దిక్కు తిరిగి దండం పెట్టాడు.

"తల్లీ! పిల్ల దక్కితే ఈడనే, ఈ రైలు కాంటా మీదనే జోకి, నిలువెత్తు బంగారం తెస్తం."

పిల్ల దక్కింది. జాతర రాకముందే స్టేషన్ పోయింది.

పోవడమంటే కూలిపోవడం కాదు. పట్టాల అవతలి వైపు కొత్త స్టేషన్ కట్టారు, సిమెంటు డబ్బా మీద డబ్బా పెట్టినట్టు. రైళ్లన్నీ అటువైపు ఆగడం మొదలుపెట్టాయి. మా వైపు గేటుకు తాళం పడింది. 'శిథిలం, లోపలికి రాకూడదు' అని బోర్డు పెట్టారు. అప్పటికి శిథిలం కాలేదు. బోర్డు చూసుకొని అయింది.

ఆ తర్వాతి కాలం గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, అదే దాని బాధ. కప్పు కురిసింది. టేకు తలుపులు ఎవరెవరి ఇళ్లకో నడిచిపోయాయి. రంగు అద్దాలను రాళ్లు వెతుక్కుంటూ వచ్చాయి. గబ్బిలాలు వచ్చాయి, అవి కప్పుకే వేలాడేవి గాని నా మీదికి రాలేదు. అవతల రైలు ఆగిన చప్పుడు, జనం దిగిన చప్పుడు, చాయ్ చాయ్ అనే అరుపులు గోడ దాటి వినిపించేవి. కొందరు అనుకుంటారు, బరువు లేకపోతే హాయి అని. కాంటానడగండి చెబుతుంది. ఎవరో ఒకరు ఎక్కితేనే నేనున్నానని నాకు తెలిసేది. ఎవరూ ఎక్కని ఆ ఏళ్లలో నేనున్నానో లేదో నాకే తెలియదు.

మనిషి వాసన వచ్చేది మాఘమాసంలోనే. గేటు అవతల ఓదెమ్మ గొంతు వినిపించేది. మొదట్లో మొగుడితో, బక్కయ్య చనిపోయాక ఒక్కతీ. కావలివాడిని బతిమాలేది.

"అన్నా, ఒక్కపారి తాళం తియ్. పిల్లను జోకుకొని పోత."

"పిస్స లేసిందా ఏంది? కప్పు మీద పడితె నా నౌకరి పోతది. రేషన్ దుకాన్ల కాంటా లేదా?"

"మొక్కింది రేషన్ దుకానం కాంటా కాదన్నా, గిదే."

పోయేది. మళ్లీ జాతరకు వచ్చేది. పిల్ల పెరుగుతూనే ఉంది, దాంతో పాటు మొక్కు కూడా బరువెక్కుతూనే ఉంది.

కుడివైపు రెక్కను నిజంగానే కూలగొట్టారు. ఆడవాళ్ల వెయిటింగ్ హాలు, దాని మీది చిన్న గోపురం, అన్నీ. అక్కడ బండ్లు నిలిపే జాగా చేశారు. మిగతాది కూడా పోవాల్సిందే. ఈలోగా ఎక్కడో సముద్రాల అవతల ఒక మహానగరంలో ఇట్లాంటి స్టేషన్‌ను నేలమట్టం చేసి, ఆ తర్వాత తీరిగ్గా ఏడ్చారన్న కథ ఇక్కడి చదువుకున్నవాళ్లకు గుర్తొచ్చింది. పేపర్లలో రాశారు, గేటు ముందు కూర్చున్నారు, కోర్టుకు పోయారు. ఎవరిదో పాత ఏడుపు మా ప్రాణానికి అడ్డుపడింది. కూలగొట్టడం ఆగింది. బాగుచేయడం మొదలైంది.

ఆ పని చూసే ఆర్కిటెక్ట్ పేరు మృదుల. మంచి పిల్ల. రాయి రాయినీ కడిగించింది, రంగు అద్దాలు మళ్లీ పెట్టించింది, హాలును ప్రదర్శనశాలగా మార్చింది. నా తుప్పు గీకించి, ఆకుపచ్చ రంగు పూయించి, దండెను తోమించింది. చుట్టూ ఎర్ర తాడు కట్టించింది. ఒక్కటే పొరపాటు. వాలిన దండె ఫోటోలో బాగా రావడం లేదని, దాన్ని అడ్డంగా నిలబెట్టి ఒక మర బిగించమంది. కరెంటు పని చేసే యాదగిరి బిగించాడు. ఆనాటి నుంచి ఏనుగెక్కినా ఎలుకెక్కినా నాకు సమానమే. చూసేవాళ్లు, "అబ్బ, ఎంత తిన్నగా ఉంది!" అనేవాళ్లు. గొంతులో గుడ్డ కుక్కిన మనిషిని చూసి ఎంత నిమ్మళంగా ఉన్నాడో అన్నట్టుండేది నాకు.

రేపు ప్రారంభోత్సవం అనగా, మధ్యాహ్నం ఓదెమ్మ వచ్చింది. వెనక రజిత, నిండు కడుపుతో. ఇద్దరి వెనక బెల్లం బస్తాలు దించుతున్న ఆటో మనిషి.

"రేపు రండవ్వా, ఇవాళ ఎవరినీ రానియ్యం" అంది మృదుల.

"రేపు మంత్రులొస్తరు, మమ్మల్నెవలు రానిస్తరు?" అంటూనే ఓదెమ్మ తాడు కిందుగా దూరింది. సంగతంతా చెప్పింది. చివర్లో గొంతు తగ్గించింది. "దీనికి ముందల ఒక కాన్పు నిలువలె. డాక్టరమ్మ రక్తం తక్కువ అంటది. గది నిజమే గావచ్చు. గని మొక్కు బాకీ పెట్టుకొని నా బిడ్డను కాన్పుకు ఎట్ల తోల్త చెప్పు?"

రజిత సిగ్గుపడింది. "మేడం, అమ్మ ఇనదు. ఒక్కసారి ఎక్కి దిగుత."

మృదుల తలూపింది. రజిత మెల్లగా నా మీద కాలు పెట్టింది.

ఎన్నేళ్లకు! అరికాళ్ల వేడి పలకంతా పాకింది. లోపల మీటలన్నీ ఒక్కసారి ఒళ్లు విరుచుకొని పైకి తోశాయి. దండె కదల్లేదు. మర పట్టుకొని ఉంది.

ఓదెమ్మ గుండు జరిపింది, వెనక్కి తెచ్చింది, మళ్లీ జరిపింది. "ఇదేంది? ఎటు జరిపినా సమానమే అంటున్నది."

మృదుల మొహం ఎర్రబడింది. మర సంగతి చెప్పింది. యాదగిరి నిచ్చెన మీదినుంచి నవ్వాడు.

"ఇంకేందవ్వా, నీకు మంచిగైంది. ఒక్క ముద్ద పెట్టు, సమానమే. మిగిలింది నీళ్లల్ల కలుపుకొని తాగు."

రజిత దిగింది. ఆమెకు కూడా అలసటగా ఉంది. "అమ్మా, సమానం చూపిస్తుంది గదనే. ఈడ తూచినమా లేదా అన్నదే గద మొక్కు. పెట్టి పోదాం రా."

ఓదెమ్మ ఒక ముద్ద చేతిలోకి తీసుకుంది. క్షణం సేపు నాకు భయం వేసింది. షావుకారు బిగబట్టిన ఊపిరి గుర్తొచ్చింది. ఆమె ఆ ముద్దను మళ్లీ బస్తాలో పెట్టేసి, నా పక్కన నేల మీద కూలబడింది.

"మీ నాయిన ఈడ బస్తాలు మోసి మోసి నడుము ఇరగ్గొట్టుకున్నడు గని, కాంటా మీద ఏనాడు వేలు పెట్టలె. తల్లుల కాడ దొంగ తూకమా? నేను లేవ. మంత్రి వస్తె ఆయనకే చెప్త, మీ కాంటాకు నోరు కట్టేసిన్రని."

"అవ్వా, అంత మాట అనకు" అంది మృదుల. నిచ్చెన వైపు తిరిగింది. "యాదగిరీ, మర తియ్."

"మేడం, రేపు ఫోటోలు..."

"తియ్."

మర ఊడింది. దండె ఠప్పున కిందికి వాలింది. వాలడంలో ఇంత సుఖం ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు.

రజిత మళ్లీ ఎక్కింది. కడుపు మీద చెయ్యి పెట్టుకొని, "లోపలిది గూడ తూగుతది గదా" అంది.

"తూగనీ. మొక్కినప్పుడు ఒక్కతివి, ఇప్పుడు ఇద్దరు. తల్లులకు వడ్డి అనుకో."

గుండు జరిగింది, దండె నిలిచింది. రజిత దిగింది, దండె పడింది. ఓదెమ్మ బెల్లం ముద్దలు ఒకటొకటే పేర్చింది. బస్తాలన్నీ అయిపోయాయి. దండె లేవలేదు. లోపలిదాని బరువును ఆమె ఇంట్లో లెక్కేసుకోలేదు.

పాతకాలంలో ఇట్లా తక్కువ పడితే పక్కనున్న మొక్కులవాళ్లు తలా ఒక ముద్ద వేసేవాళ్లు. ఓదెమ్మ అలవాటుగా చుట్టూ చూసింది. అంత పెద్ద హాలులో, తోమిన నేల మీద, మొక్కులవాళ్లు ఒక్కరూ లేరు.

"నా దగ్గర ఉంది" అంది మృదుల, అనుమానంగానే. "గోడల సున్నంలో కలపడానికి తెప్పించాం. కొంచెం మిగిలింది. దేవతకు పనికొస్తుందా?"

"గోడకు బెల్లమెందుకు బిడ్డా?"

"పాత పద్ధతవ్వా. బెల్లం, కరక్కాయ కలిపితే సున్నం గట్టిగా పట్టుకుంటుంది."

ఓదెమ్మ తలెత్తి, కొత్తగా సున్నం పట్టించిన కమాను కేసి చూసింది. "అట్లనా. అయితే ఇది గూడ మొక్కే గదా. తే."

నల్లటి బెల్లం. ఓదెమ్మ వాసన చూసి పేర్చింది. ఆఖరి ముద్ద మృదుల చేతిలో మిగిలింది. "నువ్వే పెట్టు" అంది ఓదెమ్మ. మృదుల వంగి, గాజుముక్కను పెట్టినంత మెల్లగా పెట్టింది.

దండె లేచింది. పైకి పోబోయి ఆగింది, కిందికి రాబోయి ఆగింది, వణుకుతూ వణుకుతూ అడ్డంగా నిలబడింది. యాదగిరి కూడా నిచ్చెన దిగి వచ్చి చూశాడు. ఓదెమ్మ నా స్తంభానికి నుదురు ఆనించింది. "చూసినవా అయ్యా" అంది. బక్కయ్యతో అందో నాతో అందో అడగడం నాకు మర్యాద అనిపించలేదు.

బెల్లం బస్తాలకెక్కింది, ఆటో పోయింది. రజిత గడప దాటుతూ ఒకసారి వెనక్కి చూసింది. మృదుల మరను అరచేతిలో దొర్లిస్తూ ఉంది. చివరికి యాదగిరికి ఇచ్చింది. ఇయ్యక ఏం చేస్తుంది, రేపు మంత్రులు వస్తున్నారు. అతను ఈసారి నెమ్మదిగా తిప్పాడు, నొప్పి పెడుతుందేమోనన్నట్టు. ఎర్ర తాడు మళ్లీ కట్టారు. తలుపులు మూశారు.

పొద్దు వాలేవేళ కొత్త అద్దాల గుండా ఎర్రటి వెలుగు హాలులోకి వచ్చింది. గోడ పగులు పూడ్చిన చోటునుంచి ఒక చీమ బయటికొచ్చింది. దాని వెనక ఇంకొకటి. బారుగా నేల దాటి, తాడు కింద నుంచి, నా పలక మీదికి ఎక్కాయి. పలక అంచున రాలిన బెల్లం పొడి ఉంది. పొద్దున తుడిచేవాళ్లు వచ్చేదాకా ఉంటుంది.

వాటి బరువెంతో నేను చెప్పలేను. మర లేకపోయినా చెప్పలేను. కానీ ఎవరో ఎక్కారు. ఆ సంగతి మాత్రం తెలుస్తోంది.