వంటింట్లో గంట

"ఇందులో బాత్రూం లైటు ఏదోయ్?"

హాల్లోంచి మా ఆయన గొంతు. ఆ వెంటనే నా తలపైన, వంటింటి గోడ మీద, గంట గణగణ మోగింది. అంటే తప్పు స్విచ్చి నొక్కారన్నమాట. సబ్బు చేతులు తువ్వాలుకి తుడుచుకుంటూ వెళ్ళి, కింది వరసలో ఎడమ చివరిది నొక్కాను. లైటు వెలిగింది. ఆయన హమ్మయ్య అనుకుంటూ లోపలికి వెళ్ళిపోయారు.

మాకంటే ముందు ఈ ఇంట్లో అద్దెకున్నవాళ్ళలో ఒక ముసలావిడ మంచాన పడి ఉండేదట. ఆవిడ మంచం హాల్లో ఈ గోడ పక్కనే వేసి, ఏదైనా కావలసివస్తే పిలవడానికని వంటింట్లోకి గంట పెట్టించారట. ఆవిడ పోయింది, వాళ్ళు ఇల్లు మారిపోయారు, గంట మాత్రం ఉండిపోయింది. దాని స్విచ్చి మిగతావాటి మధ్యలోనే ఉంటుంది. అదే తెలుపు, అదే సైజు. లైటు కోసమైనా, ఫ్యాను కోసమైనా ఈ ఇంట్లో ఎవరు తడుముకున్నా వేలు దాని మీదే పడుతుంది. గంట మోగుతుంది. నేను వస్తాను. నేను రాగానే పని జరిగిపోతుంది కాబట్టి ఆ బోర్డు బాగాలేదని ఇంతవరకూ ఎవరికీ తోచలేదు. ఒక్కోదాని మీద పేరు రాసి అంటిద్దామండీ అని ఒకసారి అన్నాను. "ఎందుకూ, నీకు అలవాటేగా" అన్నారు మా ఆయన.

ఆ మాట మా ఇంట్లో ఉప్పులాంటిది, అన్నిట్లోనూ పడుతుంది. అందరికంటే ముందు లేవడం, అందరి తరవాత నిలబడే తినడం, ఆఫీసు నుంచి వచ్చి చెప్పులు విప్పిన కాళ్ళతోనే పొయ్యి దగ్గరికి నడవడం, అన్నీ నాకు అలవాటేగా. చెప్పకుండా పిల్లలతో దిగిన మా ఆడపడుచు "వదినకి అలవాటేలే, చిటికెలో చేసేస్తుంది" అంటూ సోఫాలో కాళ్ళు ముడుచుకుని కూర్చుంటుంది. నేను నిజంగానే చిటికెలో చేసేస్తాను. అదే వచ్చిన చిక్కు.

ఆఫీసులోనూ నాది గంట మోగితే పరుగెత్తే పనే. ఆసుపత్రి అపాయింట్‌మెంట్లు తీసుకునే యాప్ తయారుచేసే కంపెనీలో ఫిర్యాదుల ఫోన్లు ఎత్తుతాను. "అమ్మా, తేదీ నొక్కుతుంటే మళ్ళీ మొదటికే పోతోంది" అని ఎవరో పెద్దాయన ఫోన్ చేస్తాడు. ఏం రాయాలో చెబుతాను. ఆయన దీవిస్తాడు. ఇంకో ఫోను మోగుతుంది. అలాంటి రోజుల్లోనే డిజైన్ జట్టులో రెండు ఖాళీలున్నాయనీ, వాడేవాళ్ళని గమనించి డిజైన్ చెయ్యడమెలాగో శనివారాలు నేర్పుతామనీ, బాగా చేసినవాళ్ళకి ఆ ఖాళీలు ఇస్తామనీ నోటీసు పెట్టారు. పేరిచ్చాను. ఆ ఉద్యోగం నాకు కావాలి. ఎంత కావాలో ఇంట్లో చెప్పలేదు. చెబితే దాన్ని కూడా నవ్వులాటలో కలిపేస్తారని భయం. "ఓహో, స్విచ్చీల మీద పేర్లు రాసే చదువా?" అన్నారు మా ఆయన, నేను చెప్పిన కాస్తకే.

పాఠం చెప్పే ఆవిడకి మేం 'ఊఁ మేడమ్' అని పేరు పెట్టుకున్నాం. ఏం అడిగినా ముందు "ఊఁ" అని, మనవంక చూస్తూ ఊరుకుంటుంది. ఆ మౌనం భరించలేక మన జవాబు మనమే చెప్పేసుకుంటాం. మొదటి రోజు బోర్డు మీద 'వాడేవాళ్ళు' అని రాసి, "మన పనంతా వీళ్ళ చుట్టూనే" అంది. ఆ మాటని కాస్త సాగదీస్తే 'వాడుకునేవాళ్ళు' అవుతుందని తోచి, నాలో నేనే నవ్వుకుని, ఎవరైనా చూశారేమోనని తల దించుకున్నాను. తరవాత ఆవిడ అన్న మాటకి మాత్రం నవ్వు రాలేదు. "వాళ్ళకి అలవాటైపోయింది కదా మేడమ్ అని ఎవరూ నా దగ్గర అనకండి. అలవాటు పడటం వేరు, సులువుగా ఉండటం వేరు. ఒక మనిషి కష్టాన్ని అలవాటు చేసుకుందంటే అది ఆవిడ గొప్ప. మీ డిజైన్ గొప్ప కాదు."

కిటికీలోంచి బయటికి చూశాను. బస్సులు వెళ్తున్నాయి. ఇంత చిన్న సంగతి తెలుసుకోవడానికి నాకిన్నేళ్ళు పట్టిందేమిటి అనిపించి కుర్చీలో కుదురుగా కూర్చోలేకపోయాను.

ఆ పై శనివారమే నా పరువు పోయింది. మా యాప్‌ని ఎవరిచేతనైనా వాడించి, వీడియో తీసుకురమ్మంది మేడమ్. మా పక్కింటి టీచరమ్మగారిని కూర్చోబెట్టి తీశాను. క్లాసులో తెర మీద వేస్తే, టీచరమ్మగారి వేలు కనబడదే! ఆవిడ ఆలోచిస్తూ ఉండగానే పక్కనుంచి ఒక చెయ్యి దూరి నొక్కేస్తోంది. మళ్ళీ అదే చెయ్యి. గోరు దగ్గర కూరగాయల కత్తి గాటుతో సహా నాదే. "ఇందువల్ల మనకి తెలిసిందేమిటి?" అంది మేడమ్. "ఈ అమ్మాయికి మన యాప్ వాడటం బాగా వచ్చని."

అందరూ పగలబడి నవ్వారు. చెవులు మండిపోయాయి. పక్కన కూర్చున్న లెక్కల విభాగం అబ్బాయి నవ్వకుండా, బల్ల కిందనుంచి ఒక పిప్పరమెంటు నా వైపు తోశాడు. ఆ సాయంత్రం అదొక్కటే నన్ను ఏడవకుండా ఆపింది. క్లాసయ్యాక మేడమ్ నన్ను ఆపి, "ఎదుటివాళ్ళు తడబడుతుంటే చూడలేవు కదూ?" అంది. అవునన్నాను. "మంచి గుణమే. కానీ నువ్వు అడ్డం పడినంతకాలం తప్పెక్కడుందో ఎవరికీ తెలియదు. మళ్ళీ చెయ్యి. ఈసారి చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని కూర్చో. నిన్నేమైనా అడిగితే, 'మీరేమనుకుంటున్నారు?' అని అడుగు. అడిగి ఊరుకో. ఆ తరవాత వచ్చే మౌనం నీది కాదు, వాళ్ళది. దాన్ని ముట్టుకోకు."

మా దగ్గరే ఉంటున్న మా అత్తయ్యకి కొంతకాలంగా చూపు మసకబారుతోంది. కంటి డాక్టరు అపాయింట్‌మెంటు తీసుకుంటానని మా ఆయన అంటూనే ఉన్నారు. ఆదివారం మధ్యాహ్నం నా ఫోనులో వీడియో పెట్టి పక్కన ఆనించి, ఆవిడ ఫోను ఆవిడ చేతికే ఇచ్చాను.

"మీరే తీసుకోవాలత్తయ్యా. నేను పక్కనే ఉంటాను గానీ ఏమీ చెప్పను. మీరు మాత్రం మనసులో అనుకునేదంతా పైకి అంటూ ఉండాలి."

"పైకి అంటే నువ్వు ఊరుకోవద్దూ?"

"ఊరుకోవడమే నా పరీక్ష."

"అబ్బో, నీకు సరైన పరీక్షే పెట్టారు" అని కళ్ళజోడు సర్దుకుంది. నేను చేతులు తొడల కింద పెట్టుకున్నాను.

"పేరు అడుగుతోంది. రాశాను. వయసు. కాస్త తగ్గిద్దామా? వద్దులే, డాక్టరు దగ్గర దాచకూడదు. ఫోను నంబరు. వాడిదిస్తే మెసేజీ వాడికొస్తుంది, వాడు చూడడు, నాదే ఇస్తా." ఒక్కో అక్షరం వెతుక్కుంటోంది. వేలు తెర మీద గాలిలో తిరుగుతోంది, ఆ కావలసిన అక్షరం మీదుగానే వెళ్ళి మళ్ళీ వెనక్కి వస్తోంది. నొక్కెయ్యాలని వేళ్ళు పీకుతున్నాయి, దురదలాగా. ఒక మనిషి తన పని తాను చేసుకుంటుంటే చూస్తూ కూర్చోవడం ఇంత కష్టమని నాకు తెలియదు.

"ఇదేమిటే, 'సంరక్షకుడి పేరు' అంటోంది?"

"మీరేమనుకుంటున్నారు?"

ఆవిడ తలెత్తి నావంక చూసింది. "నేనేమనుకుంటున్నానో అడుగుతున్నావా? ఒంట్లో బాగానే ఉందా నీకు?" తరవాత చాలాసేపు మాట్లాడలేదు. ఆ మౌనాన్ని నేను ముట్టుకోలేదు. "చిన్నప్పుడు మా నాన్న పేరు రాసేవారు. ఆ తరవాత మీ మామగారిది. ఇప్పుడు వీడిది రాయమంటోంది కాబోలు. వీడు నాకు సంరక్షకుడేమిటే? వీడికి బాత్రూం లైటెక్కడుందో తెలియదు." అని, ఆ గడి ఖాళీగా వదిలేసి తేదీ నొక్కింది. తెర గిర్రున తిరిగి మొదటికి పోయింది. ఎందుకు పోయిందో ఎక్కడా చెప్పలేదు.

ఆ గడి ఖాళీగా ఉన్నందుకే. తేదీ నొక్కుతుంటే మళ్ళీ మొదటికే పోతోంది! రోజూ ఫోనులో వినే మాట. 'ఆ గడిలో ఎవరిదో ఒకరి పేరు రాసెయ్యండి' అని నేనే చెబుతూ వచ్చాను. చిటికెలో పని అయిపోయేది. ఆ గడి అక్కడ ఎందుకుండాలని ఎవరూ అడగలేదు.

అప్పుడే అటుగా వచ్చిన మా ఆయన వంగి, "ఇటివ్వమ్మా, నిమిషంలో చేసిపారేస్తా" అంటూ చెయ్యి చాపారు. అత్తయ్య ఆ చేతిమీద ఒక్కటి వేసింది.

"తియ్యరా చెయ్యి. నేను అనుకుంటున్నాను."

తరవాతి శనివారం క్లాసులో ఆ వీడియో చివరిదాకా ఎవరూ నవ్వలేదు, చేతిమీద దెబ్బ దగ్గర తప్ప. "నీ చేతులెక్కడ?" అంది మేడమ్. "తొడల కింద మేడమ్." "ఊఁ" అంది. ఈసారి ఆ 'ఊఁ'లో ఇంకేదో ఉంది. సాయంత్రానికల్లా నన్నూ, పిప్పరమెంటు అబ్బాయినీ పిలిచి, ఖాళీలు మా ఇద్దరికేనన్నారు. నెలలో ఒక వారం వేరే ఊళ్ళ ఆసుపత్రుల్లో కూర్చుని, జనం ఎలా తంటాలు పడుతున్నారో చూడాలట. మేనేజరు ఆ అబ్బాయితో చెయ్యి కలిపి, నావైపు తిరిగి, "ఇంట్లో అడిగి చెబుతారా?" అన్నాడు. నా నోరు నన్నడక్కుండానే "సోమవారం చెబుతానండీ" అనేసింది. అలవాటు. బస్సులో దారిపొడుగునా ఆ మాట అన్నందుకు నన్ను నేనే తిట్టుకుంటూ వచ్చాను.

ఇంటికి రాగానే, చెప్పులు విప్పకుండానే చెప్పేశాను.

"నెలలో వారమా?" అన్నారు మా ఆయన టీవీ గొంతు తగ్గిస్తూ. "నువ్వు ఊళ్ళు పట్టుకు తిరుగుతుంటే ఇల్లెలా నడుస్తుంది?"

జవాబులన్నీ వరసకట్టి నాలిక చివరికి వచ్చేశాయి. కూరలు వండి ఫ్రిజ్‌లో పెట్టి వెళ్తాను, బట్టలు ముందే ఇస్త్రీ చేయిస్తాను, పొద్దున్నే ఫోన్ చేసి లేపుతాను. అంటే నేను లేని చోట కూడా నా చేతినే వదిలి వెళ్తానన్నమాట. తెర మీద గోరు గాటుతో దూరిన ఆ చెయ్యి గుర్తొచ్చింది. ఆయన ఎదురుగా కుర్చీలో కూర్చున్నాను.

"మీరేమనుకుంటున్నారు?"

"నేననుకోవడమేమిటి? నిన్ను అడుగుతున్నా."

నేను మాట్లాడలేదు. ఆయన అత్తయ్యవైపు చూశారు. ఆదివారం తీసుకున్న అపాయింట్‌మెంటుతో వచ్చిన కొత్త కళ్ళజోడు మెడలో వేలాడుతుండగా అత్తయ్య తాపీగా నావంకా, కొడుకు వంకా చూసి, "ఊఁ" అంది. మా మేడమ్ గురించి ఆవిడకేమీ తెలియదు.

"ఇదేం ఇల్లో, ఎవరూ మాట్లాడరు!" అని ఆయన తువ్వాలు భుజాన వేసుకుని విసురుగా లేచారు. నేను బ్యాగులోంచి ఫోను తీసి, సోమవారం దాకా ఆగడమెందుకని, మేనేజరుకి 'వస్తున్నాను' అని మెసేజ్ పెట్టాను. ఫోనుని బల్ల మీద బోర్లించి, రెండు చేతులూ తొడల కిందికి తోసుకున్నాను.

బోర్డు ముందు నిలబడి, "ఇందులో బాత్రూం లైటు ఏదోయ్?" అన్నారు ఆయన.

ఫ్యాను తిరిగింది. ఆగింది. గేటు దీపం వెలిగింది. ఆయన వేలు కింది వరస ఎడమ చివరిదాకా వెళ్ళి, దానిమీద వాలబోయి, వెనక్కి వచ్చింది. నా వేళ్ళు కుర్చీ బద్దల్లో గుచ్చుకుని తిమ్మిరెక్కాయి. తియ్యలేదు.

వంటింట్లో గంట మోగింది. అక్కడ ఎవరూ లేరు.