పరమేశ్వర్ శుభ్రం చేసిన అడవి

కోటగిరిలో పరమేశ్వర్ ఇంటికి సోఫా వచ్చి ఆరేళ్లయింది. దాని రంగేమిటో ఇంతవరకు ఎవరికీ తెలియదు. దుకాణంవాడు తొడిగిన ప్లాస్టిక్ కవరు అలాగే ఉంది. ఎండాకాలం దాని మీద కూర్చుని లేస్తే కవరు కూడా వీపుకు అంటుకుని కొంతదూరం సాగనంపుతుంది. టీవీ రిమోటుకు ఒక కవరు, మిక్సీకి ఒక కవరు, ఆ కవర్లకు దుమ్ము పట్టకుండా పైన ఒక తువ్వాల. మనలో సగం మంది ఇళ్లు ఇలాగే ఉంటాయి కనుక చదివేవాళ్లు నవ్వవద్దని మనవి.

ఆయన చెరకు రైతు. చెరకు కొట్టాక మిగిలిన ఆకును తగలబెట్టి, మడి నున్నగా నల్లగా కనబడితే గాని ఆయనకు అన్నం సహించదు.

భార్య నిరోష మాత్రం ఆకుల మనిషి. ఏర్గట్ల అవతల గుట్ట కింద, వాగు పక్కన, ఆమెకూ తమ్ముడు ఆత్మారాంకూ వాళ్ల బాపు వదిలివెళ్లిన చెట్ల తోపు ఉంది. ఇప్ప, మద్ది, తునికి, అన్నీ ఎవరూ నాటకుండా పెరిగినవే. ఆ నీడలో ఆమె కాఫీ మొక్కలు పెట్టింది. ఈ ఎండలకు కాఫీ ఎక్కడ బతుకుతుందని ఊరంతా నవ్వింది. చెట్లు నవ్వలేదు, నీడ పట్టాయి. లోపలికి అడుగుపెడితే ఎండ జల్లెడ పట్టినట్టు ఆకుపచ్చగా రాలుతుంది. నిద్రలో ఎవరో దుప్పటి సర్దినట్టు వాగు మీది గాలి తాకుతుంది. అక్కడ కాసేపు కూర్చున్నవాళ్లకు ఇంట్లో స్టవ్ ఆపామో లేదో కూడా గుర్తుకు రాదు.

ఆ తోపు మీద ప్లాట్ల వ్యాపారి కన్ను పడింది. "అక్కా, ఈ ఎండకాలంల నీ కాఫీ ఖాయంగ కొనేటోళ్లు దొరికితే సరే. లేకుంటే అమ్మేద్దం," అని ఆత్మారాం తేల్చి చెప్పాడు. నిజామాబాద్‌లో కాఫీ దుకాణం నడిపే లైబా ఆ గింజలు రుచి చూసి మురిసిపోయింది. పూతకాలంలో తోటను చూసి మాట ఖాయం చేస్తానంది.

సరిగ్గా అప్పుడే పరమేశ్వర్‌కు భార్యకు సాయం చేయాలనిపించింది.

చుట్టం వస్తే ఇల్లు ఊడుస్తాం కదా. నిరోష ఇంట్లో సకినాలు చుడుతుండగా, ఆయన చెరకు కొట్టే కూలీలను వెంటబెట్టుకుని తోపుకు పోయాడు. కొమ్మలు నరికించి మొక్కలకు వెలుతురు ఇప్పించాడు. ఎండుటాకులన్నీ బయటికి లాగించి కాల్పించాడు. దారి పక్క రాళ్లకు సున్నం కూడా వేయించాడు. వాగు దగ్గరి మూలకు మాత్రం వెళ్లలేదు. అక్కడ మద్దిచెట్టుకు పెద్ద తేనెపట్టు ఉంది. ఆయన శుభ్రతకు భయపడనివి ఆ తేనెటీగలే.

రెండు రోజుల తర్వాత లైబా వచ్చింది. నిరోష, ఆత్మారాం కూడా అప్పుడే తోపులో అడుగుపెట్టారు. లైబా ఫోన్‌లో నిరోష పంపిన పాత ఫోటో తెరిచి, ఒకసారి దాన్నీ ఒకసారి తోపునూ చూసింది.

"ఆంటీ, ఫోటోల జంగల్ ఉండె. గిదేంది, క్రికెట్ గ్రౌండ్ లెక్కున్నది?"

"నువ్వొస్తున్నవని సాఫ్ జేపిచ్చిన బిడ్డా," అన్నాడు పరమేశ్వర్, మెచ్చుకోలు కోసం ఎదురుచూస్తూ.

నిరోష ఒక కొమ్మ వంచింది. మొన్నటి వానకు పుట్టిన మొగ్గలు ఎండకు మాడి, ముట్టుకుంటే పొడిపొడిగా రాలాయి.

"ఇంట్ల సోఫాకు కవరు తీయనియ్యవు," అందామె మెల్లగా. "నా భూమి కవరెందుకు గుంజేసినవయ్యా?"

ఆత్మారాం జేబులోంచి ఫోన్ తీశాడు. "ఇగ ప్లాట్లాయనకు చెప్త అక్కా."

అంతలో గాలి మళ్లింది. వాగు వైపు నుంచి ఒక వాసన వచ్చింది. మల్లెలా ఉంది, మల్లె కాదు. నలుగురూ కలలో నడిచినట్టు దాని వెంట నడిచారు. తేనెపట్టు మూలలో కాఫీ కొమ్మలన్నీ తెల్లగా, అప్పుడే నిద్రలేచినట్టు పూచి ఉన్నాయి. తేనెటీగలు పూల పనిలో పడి పరమేశ్వర్‌ను లెక్కచేయలేదు. ఆయన వంగి ఎండుటాకులు తోడాడు. కింద మట్టి తడిగా, చల్లగా తగిలింది. పక్కనే తను ఊడ్పించిన నేల మీద చెయ్యి పెడితే చుర్రుమంది. ఏటేటా చెరకు మడిలో తాను తగలబెట్టిందేమిటో తలకన్నా ముందు అరచేతికి అర్థమైంది.

"ఈసారి గింజలన్నీ నేనే దీస్కుంట ఆంటీ," అంది లైబా. "ఇగ ముందుకు గూడ నేనే. ఒక్కటే షర్తు. తోపంత మళ్ల గీ మూల లెక్క గావాలె."

ఆత్మారాం ఆ వాసన ఇంకోసారి గట్టిగా పీల్చి, ఫోన్ జేబులో పెట్టేశాడు. "నరికిన కొమ్మలు అతికిచ్చుడు ఎరికేనా బావా?"

"కొమ్మలు అవే వస్తయి," అన్నాడు పరమేశ్వర్. "ఆకులు నేను దెస్త."

ఆ వారం ఆయన చెరకు ఆకును కాల్చలేదు. డీసీఎం వ్యాన్‌కు నిండుగా ఎత్తించి ఏర్గట్లకు తెచ్చాడు. చెత్తకు కిరాయి కట్టినోన్ని ఇప్పుడే చూస్తున్ననని డ్రైవర్ దారంతా నవ్వాడట. పరమేశ్వర్ ఆ ఆకును మొక్కల మధ్య తన చేతులతోనే పరిచాడు, పసిపిల్లకు దుప్పటి కప్పినంత నెమ్మదిగా. ఇంటికి వచ్చి సోఫా కవరు చించేశాడు. సోఫా రంగు లేత ఆకుపచ్చ.

అమ్మలారా, అయ్యలారా! రాలిన ఆకు చెత్త కాదు, నేల కప్పుకున్న దుప్పటి. కవరు తీసేసినా మన సోఫా బతుకుతుంది, నేల బతకదు.