గంట మోగాక అన్న మాటలు

నేను ఒక గంటను. గుడి గంటననుకుని చేతులు జోడించకండి. బడి గంటను కూడా కాను, నా చప్పుడు విని ఎవరూ సంచులు తగిలించుకుని పరుగెత్తనక్కర్లేదు. నేను సర్కారు వారి గంటను. చేతిలో ఇమిడేంత ఉంటాను. పెద్దవాళ్లు బల్ల చుట్టూ కూర్చుని చర్చించుకునేటప్పుడు ఎవరైనా మరీ సాగదీస్తుంటే ఆపడం నా ఉద్యోగం. మన దేశంలో ఇంత చాకిరీ ఉన్న ఉద్యోగం ఇంకొకటి ఉందంటే నేను నమ్మను.

పుట్టింది పశ్చిమ గోదావరిలో, అజ్జరంలో. ఆ ఊళ్లో ఏ వీధికి వెళ్లినా ఇత్తడి చప్పుడే. వీరభద్రాచారి గారని ఒక పెద్దాయన కరిగిన ఇత్తడిని మట్టి అచ్చులో పోసి నన్ను తయారు చేశాడు. ఆయన చేసేవన్నీ పూజ గంటలు. పిడి మీద నందో, హనుమంతుడో, గరుత్మంతుడో ఉండాల్సిందే. నన్ను చేయించడానికి వచ్చిన గుమాస్తా మాత్రం, ఇది మునిసిపాలిటీకి, అన్ని మతాల వాళ్లూ కూర్చునే చోటు, బొమ్మ వద్దన్నాడు. ఆచారి గారికి మనసొప్పలేదు. దేవుడు లేని గంట బోసిగా ఉంటుందని చాలాసేపు గొణిగి, చివరికి నా పిడి మీద ఉసిరికాయంత గుండు ఒకటి పెట్టి సరిపెట్టుకున్నాడు. నా అన్నదమ్ములు గుళ్లకూ దేవుడి గదులకూ వెళ్లి హారతులు చూశారు. నేను కౌన్సిలర్లను చూశాను. ఎవరి రాత వారిది.

ఆ మునిసిపాలిటీలో నన్ను విన్నవాళ్లు లేరు. కొళాయి నీళ్ల మీద చర్చ మొదలైతే నేను ఎంత మోగినా ఆ కేకల్లో కలిసిపోయేదాన్ని. ఒకసారి ఛైర్మన్ గారికి ఒళ్లు మండి నన్ను కొట్టడం మానేసి విసిరేశాడు. అంచు మీద సొట్ట పడింది. సొట్ట పడ్డ గంట సభా మర్యాదకు తగదని తీర్మానం చేశారు. ఆ తీర్మానం మాత్రం ఎవరూ అరవకుండా ఏకగ్రీవంగా నెగ్గింది. అలా చేతులు మారి, గోదాములు మారి, హైదరాబాదులో ఒక పెద్ద ఆఫీసుకు చేరాను.

అక్కడ నన్ను పెట్టిన బల్ల పేరు అంతర్జాతీయ కార్మిక విధాన, దౌత్య వ్యవహారాల సలహా సంఘం. ఆ పేరు పూర్తిగా పలికేలోపు టీ చల్లారిపోయేది. సంగతేమిటంటే, మనవాళ్లు కూలికీ తాపీ పనికీ వంట పనికీ ఎడారి దేశాలకు వెళుతుంటారు కదా, అక్కడ వాళ్లను ఎలా చూసుకోవాలో ఆ దేశాలతో మన దేశం ఒప్పందాలు రాసుకుంటుంది. వాటిలో ఏముండాలో ఈ సంఘం సలహా ఇవ్వాలి. ఇవ్వడం వరకే వీళ్ల పని, వినడం పైవాళ్ల ఇష్టం. అందుకని సభ్యులంతా చాలా తీరిగ్గా, చాలా గౌరవంగా మాట్లాడేవారు.

అధ్యక్షుడు ముక్కామల సదాశివం గారు. రిటైరైన రాయబారి. జీవితమంతా పరాయి దేశాల విందుల్లో గడిపిన మనిషి కాబట్టి ఔననీ కాదనీ ఆయన నోట వచ్చేది కాదు. ఎవరేం చెప్పినా "పరిశీలించదగిన మాట" అనేవాడు. మనిషి మంచివాడే. కాకపోతే చేతి గడియారం మీద ఉన్న భక్తి మనుషుల మీద ఉండేది కాదు. ఎవరికిచ్చిన సమయం వారికి అయిపోగానే నన్ను ఎత్తి సన్నగా ఊపేవాడు.

ఆ సంఘంలో ఒక ఆనవాయితీ ఉండేది. నేను మోగాక అన్న మాట ఏదీ రికార్డులోకి ఎక్కదు. సమావేశంలో జరిగిందంతా రాసే హైమావతి గారు, నా చప్పుడు వినగానే పెన్నుకు మూత పెట్టేసేది. ఆ తర్వాత మీరు అరిచి గీపెట్టండి, ఏడవండి, అది గాల్లో కలిసిపోయినట్టే. సభ్యులు ఈ కిటుకు తొందరగానే పట్టేశారు. గంట మోగేదాకా ఒకరినొకరు పొగుడుకునేవారు. గంట మోగాక అసలు సంగతి మాట్లాడుకునేవారు. కడుపులో మాటలన్నీ నేను మోగాకే బయటపడేవి. అవన్నీ నాకు తెలుసు గానీ నన్నడిగేదెవరు!

సుగుణ అనే ఆమె సాక్ష్యం చెప్పడానికి వచ్చిన రోజు సంఘం ముందు ఒకటే ప్రశ్న ఉంది. ఒక ఎడారి దేశంతో కొత్త ఒప్పందం రాస్తున్నారు. అందులో భవనాలు కట్టేవాళ్లూ, బండ్లు నడిపేవాళ్లూ, కంపెనీల్లో పనిచేసేవాళ్లూ ఉన్నారు. ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లను చేర్చాలా వద్దా అన్నది తేలలేదు. వద్దనేది దండమూడి సూర్యప్రకాశం గారి వాదన. ఆయన విదేశాలకు మనుషుల్ని పంపే ఏజెంట్ల సంఘానికి పెద్ద, మా సంఘంలో సభ్యుడు. ఇంటి లోపలి సంగతులు ఒప్పందంలో పెడితే అవతలివాళ్లు సంతకమే చేయరనీ, ఇళ్లలో ఉన్నవాళ్ల కోసం బయట ఉన్న లక్షల మందిని ముంచుకోవద్దనీ ఆయన చాలా నెమ్మదిగా, చాలా నొచ్చుకుంటూ చెప్పాడు. సదాశివం గారు పరిశీలించదగిన మాట అన్నారు. బల్ల చుట్టూ తలలు ఊగాయి. ఇక ఆ ఆడవాళ్ల పని అయిపోయినట్టే అనుకున్నాను.

అప్పుడు సాక్షుల్లో చివరి మనిషిగా సుగుణను పిలిచారు. కోనసీమ మనిషి, మలికిపురం దగ్గరి పల్లె. ఆమె చెల్లెలు సలోమి ఆ ఎడారి దేశంలో ఒకరింట్లో వంటపనికి వెళ్లి తిరిగి రాలేకపోతోందని ఆమె ముందుగా పంపుకున్న అర్జీలో ఉంది. ఉతికి గంజి పెట్టిన చీర కట్టుకుని, చేతిసంచి గుండెకు అదుముకుని నిలబడింది. మాట్లాడటానికి ఆమెకిచ్చింది కాసిని నిమిషాలే.

ఇక్కడే ఒక పొరపాటు జరిగింది. అది మన తెలుగువాళ్లు మాత్రమే చేయగలిగిన పొరపాటు. వాళ్ల సర్పంచి గారు, పెద్దల సభలో మాట్లాడేటప్పుడు ముందు అందరి పేర్లూ చెప్పి నమస్కరించాలనీ, ఒక్కరిని మరిచినా పని చెడుతుందనీ నేర్పి పంపాడట. ఆమె పాపం బస్సులో వస్తూ అవన్నీ బట్టీ పట్టింది. సభాధ్యక్షులు, పూజ్యులు, మాజీ రాయబారి అంటూ మొదలుపెట్టి, సదాశివం గారి దగ్గర్నుంచి చివరి కుర్చీ దాకా ఒక్కొక్కరినీ బిరుదులతో సహా స్తుతించింది. సభ్యుల్లో ఒక్కడైనా అడ్డుపడి, అమ్మా, అసలు సంగతి చెప్పు అని ఉండాల్సింది. ఎలా అంటారు! ఎవరి పేరు వచ్చేదాకా వాళ్లు ఆశగా ఎదురుచూస్తున్నారు. పేరు వచ్చినవాళ్లు ఇంకా చిరునవ్వులోంచి తేరుకోలేదు. సూర్యప్రకాశం గారైతే తన పేరు వినగానే లేచి నమస్కారం కూడా పెట్టాడు.

ఆఖరి పేరు చెప్పి ఆమె గుక్క తిప్పుకుంది. సదాశివం గారు గడియారం చూసి నన్ను ఊపారు. హైమావతి గారి పెన్నుకు మూత పడింది.

నా జీవితంలో నా గొంతు నాకే అసహ్యం వేసింది ఆ ఒక్కసారే.

సుగుణకు ఆ ఆనవాయితీ సంగతి తెలియదు. గంట కొడితే ఇక అసలు విషయం మొదలుపెట్టమని అర్థం అనుకున్నట్టుంది. కళ్లు తుడుచుకుని చెప్పింది.

"మా సెల్లి సలోమిని ఆ ఇంట్లోంచి బయటికి రానివ్వట్లేదండి. పాస్‌పోర్టు ఆళ్లే దాసేసుకున్నారండి. మాయమ్మ పోయినా పంపలేదు. అక్కడి మనోళ్ల ఎంబసీకి ఫోను సేసి అడిగితే, ఇంట్లో పన్జేసేవోళ్లు ఒప్పందంలో లేరు, మేవు ఆ గుమ్మం ఎక్కలేమన్నారండి. మీరు రాసే కాయితంలో ఇంటి పనోళ్లని ఒక్క మాట ఉంటే ఎక్కుతారంట. ఆ మాట రాయండి బాబూ. నేనడిగేది అంతేనండి."

హైమావతి గారు మూత పెట్టిన పెన్నును వేళ్ల మధ్య తిప్పుతూ అధ్యక్షుడి వంక చూసింది. రాయమంటారా అని నోటితో అడగలేదు. సూర్యప్రకాశం గారు గొంతు సవరించుకుని, ఆమె బాధ తనకూ బాధేననీ, కానీ గంట మోగాక అన్నది లెక్కలోకి రాదనేది మనం పెట్టుకున్న పద్ధతేననీ గుర్తు చేశాడు. పద్ధతి తప్పితే రేపు అందరూ తప్పుతారన్నాడు. ఆయన చెప్పిన దాంట్లో అబద్ధమేమీ లేదు. ఒళ్లు మండేది అందుకే.

సదాశివం గారి చెయ్యి ఇంకా నా మీదే ఉంది. ఆయన నన్ను పక్కకు జరిపి, "ఈనాటి సమావేశం ఇంతటితో ముగిసింది" అన్నారు.

సుగుణ మొహం పాలిపోయింది. కుర్చీలు వెనక్కు జరిగాయి, కళ్లజోళ్లు పెట్టెల్లోకి వెళ్లాయి. ఒకాయన అప్పటికే సగం లేచాడు.

"కూర్చోండి," అన్నారు సదాశివం గారు. "తర్వాతి సమావేశం ఇప్పుడే మొదలైంది. హైమావతి గారూ, మొదటి సాక్షి సుగుణమ్మ గారని రాసుకోండి." తర్వాత ఆమె వైపు తిరిగి, "అమ్మా, ఈసారి మా పేర్లేవీ వద్దు. మీ చెల్లెలి పేరుతో మొదలుపెట్టండి" అన్నారు.

ముందుగా కబురు లేకుండా సమావేశం ఎలా పెడతారని సూర్యప్రకాశం గారు లేచాడు. మీ అభ్యంతరం పరిశీలించదగినదే అని చెప్పి, దాన్ని పరిశీలించకుండా సదాశివం గారు సుగుణ వైపే చూస్తూ కూర్చున్నారు. పరాయి దేశాల్లో అన్నేళ్లు ఏం వెలగబెట్టాడో అనుకునేదాన్ని. ఆ రోజు తెలిసింది. సుగుణ అదే మాట మళ్లీ చెప్పింది, ఈసారి ఏడవకుండా. హైమావతి గారి పెన్ను ఎక్కడా ఆగలేదు. ఇంటి పనివాళ్లను ఒప్పందంలో చేర్చాలని సంఘం సలహా ఇచ్చింది. వద్దన్నది సూర్యప్రకాశం గారొక్కడే.

ఆ తర్వాత కాగితం ఢిల్లీ వెళ్లింది. ఢిల్లీ వెళ్లిన కాగితం సంగతి మీకు తెలిసిందే. అక్కడెవరో 'తప్పనిసరిగా' అన్న చోట 'వీలైనంతవరకు' అని మార్చారట. అవతలి దేశంవాళ్లు ఇంకొంచెం తగ్గించారట. ఎంత తగ్గించినా ఇంటి పనివాళ్లన్న మాట మాత్రం మిగిలింది. సంతకాలు అయ్యాక ఎంబసీ వాళ్లు సలోమి ఉన్న ఇంటి గుమ్మం ఎక్కి పాస్‌పోర్టు అడిగి తీసుకున్నారు. ఆ కబురు తెలిసిన రోజు హైమావతి గారు ఆఫీసులో అందరికీ టీ ఇప్పించింది. సదాశివం గారు మాత్రం కళ్లజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు.

కొన్నాళ్లకు అక్కచెల్లెళ్లిద్దరూ పూతరేకుల పెట్టె పట్టుకుని వచ్చారు. ఆ సమయానికి సమావేశం నడుస్తోంది. హైమావతి గారు వాళ్లను గోడ పక్కన కుర్చీల్లో కూర్చోబెట్టింది. సలోమి సన్నగా, ఎండిన పుల్లలా ఉంది. వయసులో చిన్నదే గానీ అక్క కంటే పెద్దదానిలా కనిపించింది. కుర్చీ అంచున, ఒళ్లో చేతులు పెట్టుకుని కూర్చుంది. సుగుణ మొహం వెలిగిపోతోంది. సభ్యులు ఏదో మాట దగ్గర పట్టుబట్టి ఒకరి మీద ఒకరు గొంతు పెంచారు. సదాశివం గారు అలవాటు కొద్దీ నన్ను తీసి ఊపారు.

సలోమి చటుక్కున లేచి నిలబడింది. తల వంచుకుని, చేతులు ముందుకు కట్టుకుని, ఏ పని చెబుతారా అని ఎదురుచూస్తోంది. పూతరేకుల పెట్టె కింద పడింది. ఆ సంగతి కూడా ఆమెకు తెలియలేదు.

సుగుణ చెల్లెలి మోచెయ్యి పట్టుకుంది. "కూకోయే. మనల్ని కాదు," అంది. సలోమి కూర్చోలేదు. సుగుణ అందరి వైపూ తిరిగి, తప్పు చేసినట్టు నవ్వబోయి నవ్వలేక, "ఆ ఇంట్లో గంట కొట్టి పిలిసేవోరండి. రేత్రనకా పగలనకా. ఇంకా పోలేదండి" అంది.

సదాశివం గారు నన్ను బల్ల మీద పెట్టలేదు. పెడితే ఇంకొకసారి మోగుతానని భయపడ్డట్టు, వేళ్లు లోపలికి పోనిచ్చి నా నాలుకను గట్టిగా పట్టుకున్నారు. అలా పట్టుకునే లేచి, ఆమె దగ్గరకు నడిచి వెళ్లి, కింద పడ్డ పెట్టెను రెండో చేత్తో తీసి ఆమెకందించారు. "కూర్చోమ్మా," అన్నారు. బల్ల చుట్టూ ఉన్నవాళ్లు కూడా ఒక్కొక్కరే లేచారు. ఆమె కూర్చోవడానికి చాలాసేపు పట్టింది. ఆమె కూర్చునేదాకా ఆ గదిలో ఎవరూ కూర్చోలేదు, సూర్యప్రకాశం గారితో సహా.

ఆ సాయంత్రం అటెండరు చేత పట్టుకారు తెప్పించి సదాశివం గారు తన చేత్తోనే నా నాలుక ఊడదీశారు. నాకు నొప్పేమీ కలగలేదు. ఆ తర్వాత సమావేశాల్లో ఎవరినైనా ఆపాలంటే ఆయన చెయ్యి ఎత్తేవారు. ఎవరూ లెక్కచేసేవారు కాదు. సమావేశాలు చీకటి పడేదాకా సాగేవి.

ఇప్పుడు ఆ సంఘం లేదు. నేను సామాన్ల గదిలో, విరిగిన ఫ్యాను రెక్కల పక్కన ఉన్నాను. ఎవరైనా నన్ను తీసి ఊపి చూసి, పాడైపోయిందిరా అని పెదవి విరిచి అక్కడే పడేస్తారు. నేను పాడవలేదని చెప్పడానికి ఆ సంఘం వాళ్లెవరూ ఇక్కడ లేరు. చెప్పాలని నాకూ లేదు. సర్దుకుని వెళ్లిపోయే రోజున హైమావతి గారు సుగుణతో ఫోనులో మాట్లాడటం విన్నాను. సలోమి ఇప్పుడు పొద్దెక్కేదాకా పడుకుంటోందట. ఎవరూ లేపరట. లేవాలనిపించినప్పుడు తనే లేస్తుందట.