పసుపు రాసిన ప్యానెల్

నేను ఒక సోలార్ ప్యానెల్‌ని. మామూలుదాన్ననుకునేరు! నా అద్దం మీద పూత కడప నుంచి వచ్చిన ఇలియాస్ గారిది. నాతో జతపడ్డ బ్యాటరీ విశాఖపట్నం సుభాషిణి గారిది. ఇద్దరూ పరిశోధకులే. ఒకే ల్యాబులో కూర్చుని, ఒకే క్యారియర్‌లోంచి పులిహోర పంచుకుంటూ నన్ను తయారుచేశారు. కొండ మీది ఆరోగ్య కేంద్రంలో టీకా మందుల ఫ్రిజ్ నడపడం కోసమే నా పుట్టుక.

అక్కడి నర్సు రాసులమ్మ తరచూ ఫోను చేసేది. "ఎప్పుడొస్తాదమ్మా మీ ప్యానెలు? మొన్న గాలివానకి కరెంటు పోనాది. మందులన్నీ పారబోసినాం. పిల్లల్ని ఎత్తుకొచ్చిన తల్లుల్ని ఉత్తినే పంపీసినాను." ఆ మాట విన్న రోజు సుభాషిణి గారికి ముద్ద దిగేది కాదు.

ఇంతలో దసరా వచ్చింది. ఆయుధపూజ నాడు ఆవిడ నా అద్దం మీద అరచేయంత పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టారు. నేనూ మురిసిపోయాను, ఎందుకు దాచాలి!

మర్నాడు మేడ మీద చివరి పరీక్ష. మీటరు ముల్లు లేవదే! మాలో కరెంటు పుట్టించే గళ్లన్నీ ఒకే వరుసలో ఉంటాయి. ఒక్కదానికి ఎండ తగలకపోతే మిగతావీ చతికిలబడతాయి. వెలుగు గురించి అన్నేళ్లు చదివిన సుభాషిణి గారికి ఆ పసుపు కంటికి ఆనలేదు. పూజ చేసిన వస్తువుకి పసుపూ బొట్టూ ఉండక ఏముంటాయి? పూతలోనే లోపమనుకున్నారు. పైకి అంటే ఇలియాస్ గారు నొచ్చుకుంటారని ఊరుకున్నారు. ఆయనేమో ఆ పసుపునే చూస్తూ ఉన్నారు. పూజ చేసింది తుడవమంటే ఆవిడ ఏమనుకుంటారోనని నోరు మెదపలేదు. మొహమాటానికి పోతే ఏమవుతుందో ఒక సామెత ఉంది లెండి, పదిమందిలో చెప్పేది కాదు.

చివరికి ఆవిడ నీరసంగా ఫోను తీశారు. "రాసులమ్మా, ఈ ఏడాదికి కుదిరేలా లేదమ్మా..."

ఇలియాస్ గారు ఇక ఆగలేకపోయారు. "మేడమ్, తప్పుగా అనుకోవద్దు. ఆ పసుపు కొంచెం తుడిస్తే..."

ఆవిడ నెత్తి కొట్టుకున్నారు. "అయ్యో రామ! పొద్దున్నే చెప్పకూడదటండీ? పిల్లలకి టీకాలందితే అమ్మవారు కాదంటుందా!" చీర కొంగుతోనే గబగబా తుడిచేశారు. ముల్లు లేచింది. ఫోనులో రాసులమ్మ ఇంకా "అలో, అలో" అంటూనే ఉంది.

ఇప్పుడు నేను ఆ ఆరోగ్య కేంద్రం కప్పు మీద ఉన్నాను. నిన్నటి గాలివానకి ఊరంతా కరెంటు పోయింది. ఈ ఉదయం రాసులమ్మ ఫ్రిజ్ తెరిస్తే మందు చల్లగానే ఉంది. సూది గుచ్చగానే ఒక పసిపిల్ల ఇల్లెగిరిపోయేలా ఏడ్చింది. "మా పిల్లని ఏడిపించీసినావు కదే!" అని తల్లి కసిరింది. నన్నెవరూ తలెత్తి చూడలేదు.

ఏడవనీ తల్లీ, గట్టిగా ఏడవనీ.